పచ్చడి చప్పగా ఉందన్న పిల్ల

యూనివర్సిటీ హెల్త్ సెంటర్లో నర్సు ఉద్యోగమంటే ఏముంటుంది, తలనొప్పికి మాత్ర, దెబ్బకి మందు, అంతేగా అని మా చుట్టాల్లో చాలామంది అనుకునేవారు. వాళ్ళన్నదాంట్లో పెద్ద తప్పేం లేదు. నా సర్వీసులో ఎక్కువ భాగం అలాగే గడిచింది. క్రికెట్ బంతి తగిలిన మోకాళ్ళు, పరీక్షల ముందు వచ్చే కడుపునొప్పులు, ప్రేమ విఫలమై అన్నం మానేసి కళ్ళు తిరిగి పడిపోయిన కుర్రాళ్ళు. పెద్ద జబ్బయితే గుంటూరు పంపేవాళ్ళం. మిషన్ ఆసుపత్రిలో శిక్షణ పొంది, అక్కడే ఆపరేషన్ థియేటర్లో పనిచేసి వచ్చినదాన్ని కాబట్టి మొదట్లో నాకూ ఇదొక ఉద్యోగమా అనిపించేది. తర్వాత అలవాటైంది. అలవాటయ్యాక ఇష్టమైంది.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటి పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఆ మాత్రల సంగతి కాదు. నేను రిటైరవడానికి కొద్ది నెలల ముందు, కరోనా మొదటి విడత తగ్గాక, మా పిల్లలు తిరిగి క్యాంపస్‌కి వచ్చినప్పటి సంగతి. ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఆ కొద్ది వారాల్లో ఆ పిల్లలు నాకు నేర్పింది ఒక ఎత్తు. వాళ్ళకి నేను రుణపడి ఉన్నాను. అందుకే రాస్తున్నాను.

ముందు ఖాళీ క్యాంపస్ ఎలా ఉండేదో చెప్పాలి. లాక్‌డౌన్ రోజుల్లో కూడా హెల్త్ సెంటర్ మూయకూడదన్నారు. నేనూ, డాక్టరుగారూ వచ్చి కూర్చునేవాళ్ళం. డాక్టరుగారు సర్కారు ఉద్యోగంలో ఎప్పుడో రిటైరై, గుంటూరు బ్రాడీపేటలో చిన్న క్లినిక్ పెట్టుకుని, పొద్దుటిపూట మాత్రం మా దగ్గరికి స్కూటర్ మీద వచ్చేవారు. హెల్త్ సెంటర్ నుంచి లేడీస్ హాస్టల్‌కి వెళ్ళే దారిలో గడ్డి మోకాళ్ళదాకా పెరిగింది. క్యాంటీన్ బల్లల మీద కుక్కలు పడుకుని, మమ్మల్ని చూసి లేవడం కూడా మానేశాయి. రోగులెవరూ లేరు కాబట్టి ఆయన బీపీ నేనూ, నా బీపీ ఆయనా చూసుకునేవాళ్ళం.

"ఒక్క దొంగ కడుపునొప్పయినా రాకూడదూ సిస్టర్! నాకు చెయ్యి తిరగడం లేదు," అని నిట్టూర్చేవారాయన.

అలాంటి రోజుల్లో, కేసులు తగ్గుతున్నాయి, పీజీ ఆఖరి సంవత్సరం పిల్లల్ని పిలుద్దాం అన్న మాట బయల్దేరింది. పాఠాలు ఫోన్లో చెప్పొచ్చు, ప్రాక్టికల్స్ ఫోన్లో ఎలా చేయిస్తారు? సైన్సు పిల్లలు ల్యాబు మొహం చూసి చాలా నెలలైంది. వీసీగారు పిలిచిన మీటింగుకి మేమూ వెళ్ళాం. ఆయన మెల్లగా మాట్లాడే మనిషి. "పిల్లలు లేకపోతే మనమంతా ఈ బిల్డింగులకి కాపలా ఉన్నట్టే కదండీ," అన్నారు. ఆ మాటకి గదిలో అందరి మొహాలూ విచ్చుకున్నాయి. గడ్డి కోయించాలన్నారు ఒకరు, నీళ్ళ ట్యాంకులు కడిగించాలన్నారు ఇంకొకరు. పెళ్ళివారింట్లో పనులు పంచుకున్నట్టు పంచుకున్నాం.

చిక్కంతా ఒక్క నిబంధన దగ్గర వచ్చింది. లేడీస్ హాస్టల్ వార్డెన్ మేడమ్ లెక్కల ప్రొఫెసర్. ఆవిడ గొంతు ఖంగుమంటుంది. కారిడార్ ఈ చివర మాట్లాడితే ఆ చివర ఆడపిల్లలు మంచాల మీంచి లేచి కూర్చునేవారు. పిల్లల తల్లిదండ్రులు ఆవిడకే ఫోన్లు చేసి, మా అమ్మాయికేమైనా అయితే పూచీ ఎవరిదని నిలదీస్తున్నారు. ఆ ఒత్తిడిలో ఆవిడ ఒక రూలు రాశారు. ఎవరికి జ్వరం వచ్చినా వెంటనే ఇంటికి పంపేయాలి. వాళ్ళ బ్లాకు మొత్తం ఖాళీ చేయించాలి. ఆ బ్లాకు పిల్లలు వెళ్ళే ల్యాబు మూసేయాలి.

"భయముంటేనే జాగ్రత్త ఉంటుంది," అన్నారావిడ.

అందరం సరేనన్నాం. కాగితం మీద అది చాలా భద్రంగా కనిపించింది. మర్నాడే హాస్టల్ నోటీసు బోర్డు మీదికి ఎక్కింది.

పిల్లలు వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజులవి. ఆటోల్లో, బస్సుల్లో, నాన్నల మోటారు సైకిళ్ళ వెనకాల, ట్రంకు పెట్టెలతో, పచ్చళ్ళ సీసాలతో వచ్చారు. గేటు దగ్గర టెంటు వేసి, మాస్కు మీద మాస్కు పెట్టుకుని నేను ఒక్కొక్కరి నుదుటి దగ్గర మిషను పెట్టి వేడి చూస్తున్నాను. మాస్కుల్లో ఎవరు ఎవరో తెలియడం లేదు. అయినా "సిస్టర్, నేనండీ! కాలు బెణికి మీ దగ్గర ఏడ్చాను చూడండి!" అని దూరం నుంచే కేకలు. వాళ్ళకి నవ్వు, నాకు కన్నీళ్ళు. కళ్ళద్దాలు మసకబారి మిషన్లో అంకె కనిపించేది కాదు.

ఆ వరసలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అమ్మాయి ఒకతె వచ్చింది. ప్రకాశం జిల్లా నుంచి. చేతుల్లో శానిటైజర్ పోయగానే "అబ్బా!" అని చేతులు విదిలించింది. చూద్దును కదా, వేళ్ళ చివరలన్నీ పగిలి, గీసుకుపోయి ఉన్నాయి.

"ఏంటి తల్లీ ఇది?"

"పత్తి తీసేటప్పుడు కాయల మొనలు గీసుకున్నాయి సిస్టర్. తర్వాత మా అమ్మతోపాటు మిరప కోతకెళ్ళాను. ఆ ఘాటు పట్టేసింది."

"మరి క్లాసులో?"

"గట్టు మీద సిగ్నల్ వచ్చేది. ఫోన్ అక్కడ పెట్టి, చెవిలో వైరు పెట్టుకుని వింటూ కోసేదాన్ని. బోర్డు మాత్రం కనపడేది కాదు," అని నవ్వింది.

మా అమ్మా అలాంటి చేలల్లో కూలికి వెళ్ళి నన్ను చదివించింది. ఆ చేతులు నాకు కొత్త కాదు. అప్పటికప్పుడు టెంటు పక్కన కుళాయి దగ్గర సబ్బు పెట్టించాను. శానిటైజర్‌కి చేతులు మండేవాళ్ళు అక్కడ కడుక్కుని వెళ్ళొచ్చన్నాను. ఆ కుళాయి దగ్గర ఎంతమంది నిలబడ్డారో చూస్తే, ఇన్నాళ్ళూ మా పిల్లలు ఇళ్ళ దగ్గర ఏం చేస్తున్నారో అర్థమైంది.

తర్వాతి కొద్ది వారాలూ పండగలాగే గడిచాయి. కెమిస్ట్రీ ల్యాబుల్లో పొద్దున్నించి సాయంత్రందాకా లైట్లు. మెస్సులో బల్లకి ఒక్కరే కూర్చోవాలి కాబట్టి కబుర్లన్నీ ఈ గోడకీ ఆ గోడకీ కేకలేసుకునేవారు. నా దగ్గరికి దొంగ కడుపునొప్పి కూడా వచ్చింది. డాక్టరుగారు ఆ కుర్రాణ్ణి ఎంత ప్రేమగా పరీక్ష చేశారంటే, వాడే సిగ్గుపడి "ఏం లేదు సార్, క్లాసు ఎగ్గొడదామని," అని ఒప్పేసుకున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మెస్సు వంటాయన విసవిసా హెల్త్ సెంటర్‌లోకి వచ్చాడు. మంచి చెయ్యి ఆయనది. పచ్చళ్ళ విషయంలో మాత్రం మహా పట్టింపు. ప్రతి ఆదివారం కొత్త పండుమిరపకాయలు రోట్లో దంచి, చింతపండు వేసి పచ్చడి చేసేవాడు. అది తింటే మామూలు మనిషి చెవుల్లోంచి పొగలొస్తాయి.

"సిస్టరుగారూ, మీరే న్యాయం చెప్పండి. నా పచ్చడి చప్పగా ఉందంటే మీరు నమ్ముతారా?"

"ఎవరన్నారయ్యా?"

"ఆ కెమిస్ట్రీ పిల్ల. ఎలా ఉందమ్మా అనడిగితే, ఏం తెలియట్లేదండీ, చప్పగా ఉంది అంది. ఇంత ముద్ద తింది, ఒక్క గుక్క నీళ్ళు తాగలేదు. మిరప చేలో పుట్టిన పిల్ల నా పచ్చడికి వంక పెడితే నేనింకెందుకు ఇక్కడ వండటం?"

నాకు నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. రుచి తెలియడం లేదు. ఘాటు తెలియడం లేదు.

"ఎన్నాళ్ళయింది ఆ మాటని?"

"పోయిన ఆదివారం చేసిన పచ్చడికి అంది. ఇవాళైనా బాగుందంటుందేమోనని చూశాను. అసలు తిండికే రాలేదు. పక్క గది పిల్లలు క్యారేజీలో పట్టుకెళ్ళారు. నాలుగు రోజులుగా అంతే."

వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే చిన్న మిషను జేబులో వేసుకుని హాస్టల్‌కి నడిచాను. పరుగెత్తితే పిల్లలు కంగారు పడతారని మామూలుగా నడవాలని చూశాను, కానీ కాళ్ళు వినలేదు.

ఆ గది తలుపు దగ్గర ముగ్గురు ఆడపిల్లలు అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళలో పొడుగ్గా ఉండే ఒకమ్మాయి, ఆ పిల్ల రూమ్మేటు, చెప్పింది: "దానికి నెలసరి నొప్పి సిస్టర్. నిద్రపోతోంది. లేపొద్దండి."

"పక్కకి జరగమ్మా."

"సిస్టర్, ప్లీజ్..."

జరిగారు. గదిలో కిటికీ పక్కన ఒక్కటే మంచం. మిగతా మంచాలు కనపడలేదు. తర్వాత తెలిసింది, వాటిని కారిడార్‌లో ఆ చివరికి జరుపుకుని వీళ్ళు అక్కడ పడుకుంటున్నారని. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. ఆ పిల్లకి వేరే పళ్ళెం, వేరే గ్లాసు, వేరే బకెట్టు. మాస్కు పెట్టుకుని వంతులవారీగా తడిగుడ్డ వేస్తున్నారు. నేను టెంటు దగ్గర అరిచి అరిచి చెప్పిన జాగ్రత్తలన్నీ పొల్లుపోకుండా పాటించారు, నాకు చెప్పడం ఒక్కటి తప్ప. రోజూ పొద్దున ల్యాబుకి వెళ్ళేవాళ్ళకి హాస్టల్ గేటు దగ్గర వేడి చూసే ముందు ఆ పిల్లకి జ్వరం మాత్ర వేసి తీసుకొచ్చేవారట. మంచం దిగలేని రోజు వచ్చాక ల్యాబుకి రావడం మానేసింది.

వేలికి మిషను పెట్టాను. అంకె తొంభైకి కిందికి దిగి అక్కడే ఊగుతోంది.

ఆ పిల్ల కళ్ళు తెరిచి నన్ను చూసింది. భయపడింది. జ్వరానికి కాదు, నన్ను చూసి.

"సిస్టర్, చెప్పకండి. నా వల్ల అందరూ ఇంటికెళ్ళిపోవాలి. ఇంకొక్క వారం ప్రాక్టికల్స్ ఉన్నాయి సిస్టర్..."

మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. ప్రభువా అని ఒక్కసారి అనుకున్నట్టు గుర్తు. డాక్టరుగారికి ఫోన్ చేశాను. అంబులెన్సు వచ్చింది. సైరన్ వేయొద్దని డ్రైవరుకి చెప్పాను. అయినా ప్రతి కిటికీలోనూ ఆడపిల్లలు నిలబడి చూశారు. ఆ రోజు సాయంత్రమే గుంటూరు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు.

మర్నాటి ఉదయాన్ని నేను మర్చిపోలేను.

రూలు ప్రకారం ఆ పిల్ల బ్లాకు మొత్తం ఖాళీ చేయమన్నారు. గేటు దగ్గర బస్సులు వచ్చి నిలబడ్డాయి. పిల్లలంతా పెట్టెలు ఈడ్చుకుంటూ ఆవరణలోకి దిగారు. కొందరు ఏడుస్తున్నారు. కొందరు రికార్డు పుస్తకాలు గుండెకి హత్తుకుని నిలబడ్డారు. డాక్టరుగారు నా పక్కకి వచ్చి మెల్లగా అన్నారు:

"సిస్టర్, వీళ్ళలో ఇంకెవరెవరికి అంటిందో మనకి తెలీదు. ఇప్పుడీ బస్సులు కదిలితే అది ఊరూరికీ వెళ్తుంది. ఒక్కో ఇంట్లో ఒక్కో ముసలాయన, ముసలమ్మ."

"తెలుసు సార్."

"వీసీగారొస్తున్నారు. నేను చెప్తాను. ముందు మీరు పిల్లల్ని అడగండి. మీకైతే చెప్తారు."

అడిగాను. అందరికీ వినపడేలా అడిగాను. "అమ్మా, ఇంకెవరికైనా ఒంట్లో బాగా లేదా? జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం, ఏదైనా?"

ఎవరూ తలెత్తలేదు. నాకైతే చెప్తారనుకున్న డాక్టరుగారు నా మొహం వంక చూసి, చూపు తిప్పుకున్నారు.

అప్పటికే వీసీగారు వచ్చి వేపచెట్టు పక్కన నిలబడ్డారు. వార్డెన్ మేడమ్ ఆయన వెనకాలే ఉన్నారు. ఆవిడ మొహం పాలిపోయి ఉంది. నేరుగా ఆ పొడుగమ్మాయి దగ్గరికెళ్ళి, కాస్త దూరంలో ఆగి అడిగారు.

"ఎందుకు దాచారమ్మా? దాని ప్రాణం మీదికి వచ్చేదాకా ఎందుకు దాచారు? నేనంటే అంత భయమా?"

ఆ అమ్మాయి ఏడుపు మింగుకుని చెప్పింది. "మిమ్మల్ని చూసి కాదు మేడమ్. ఆ కాగితం చూసి. జ్వరమని చెప్తే దాన్ని పంపేస్తారు. దాంతోపాటు అందర్నీ పంపేస్తారు. ఇంటికెళ్తే మాలో సగం మంది మళ్ళీ రాలేం. మా నాన్న ఈసారే వద్దన్నాడు. బతిమాలి వచ్చాను." అక్కడ ఆగి, వీసీగారి వైపు తిరిగింది. "మేం రోగం దాచాలని దాచలేదు సార్. చదువు దాచుకుందామని..."

గేటు దగ్గర ఒక బస్సు ఇంజను ఆడుతూనే ఉంది.

వార్డెన్ మేడమ్ మెల్లగా నోటీసు బోర్డు దగ్గరికి నడిచారు. ఆ కాగితాన్ని చింపుతారేమో అనుకున్నాను. ఆవిడ కాగితాలు చింపే మనిషి కాదు. పిన్నులు ఒక్కొక్కటే పీకి, దాన్ని నాలుగు మడతలు వేసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు. వెనక్కి వచ్చి వీసీగారి ముందు నిలబడ్డారు.

"ఇది నేను రాసిన రూలు సార్. తప్పు లెక్క వేశాను. భయపడితే జాగ్రత్తగా ఉంటారనుకున్నాను, నోరు మూసుకుంటారని అనుకోలేదు. జ్వరం వచ్చిన పిల్లని ఇక్కడే ఉంచి చూసుకుందాం. మీరు ఒప్పుకుంటే నేనూ వాళ్ళతోనే ఉంటాను."

వీసీగారి చేతిలో ఫోను మోగుతూనే ఉంది. ఏ తండ్రో, ఏ పెద్దమనిషో. ఒకసారి దాని వంక చూసి, నొక్కి జేబులో పెట్టుకున్నారు. డాక్టరుగారి వైపు తిరిగారు.

"సాధ్యమేనా డాక్టరుగారూ?"

"పంపడం కంటే ఉంచుకోవడమే మేలు సార్. ఎవరికుందో తెలిస్తే సాధ్యమే. తెలియకపోతే ఏదీ సాధ్యం కాదు."

"సరే," అన్నారాయన. పిల్లల వైపు రెండడుగులు వేసి, మాస్కు సర్దుకుని, ఎప్పుడూ లేనంత గట్టిగా చెప్పారు. "గెస్ట్ హౌస్ తెరిపిస్తున్నాను. జ్వరమని చెప్పినవాళ్ళెవర్నీ ఇంటికి పంపం. ఎవరి పరీక్షా పోదు. వాళ్ళ కోసం మళ్ళీ ప్రాక్టికల్స్ పెట్టిస్తాను. ఇది నా మాట. ఇప్పుడు చెప్పండమ్మా, ఎవరికి బాగోలేదు?"

వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. సగం దాకా లేచి ఆగింది. పక్కన ఉన్న అమ్మాయి ఆ చెయ్యి పట్టుకుని పైకెత్తి, తన చెయ్యి కూడా ఎత్తింది. తర్వాత ముందు వరసలో ఒకటి. మెట్ల దగ్గర ఇంకొకటి. పొడుగమ్మాయి ఏడుస్తూనే తన చెయ్యి ఎత్తింది.

ఒక నర్సుగా అది చూసి నేను హడలిపోవాలి. హడలిపోయాను కూడా. కానీ అంతకంటే ఎక్కువగా, నా సర్వీసులో ఎప్పుడూ రానంత ధైర్యం ఆ క్షణాన వచ్చింది. కనపడిన జబ్బుతో పోరాడటం మాకు తెలుసు. డాక్టరుగారు అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నారు.

ఆ రోజు వచ్చిన బస్సులు ఖాళీగా వెనక్కి వెళ్ళాయి. చెయ్యెత్తినవాళ్ళకి పరీక్షలు చేయిస్తే కొందరికి వట్టి జలుబని, కొందరికి కరోనా అని తేలింది. కరోనా ఉన్నవాళ్ళంతా గెస్ట్ హౌస్‌లోకి మారారు. వార్డెన్ మేడమ్ చిన్న సూట్‌కేసుతో వచ్చి ముందు గదిలో దిగారు. నేనూ మా ఇంట్లో చెప్పి వచ్చేశాను. "ఈ వయసులో నీకెందుకే!" అని మా ఆయన ఒక్క మాట అన్నారు. మళ్ళీ ఆయనే నా బ్యాగులో బైబిలూ, బీపీ మాత్రలూ సర్ది పెట్టారు.

మీరు నమ్మరు గానీ ఆ గెస్ట్ హౌస్ రోజులు నా ఉద్యోగంలో చాలా సంతోషమైన రోజులు. పొద్దున్నే డాక్టరుగారు కిటికీల బయట నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి అంకెలు చెప్పించుకునేవారు. కెమిస్ట్రీ మాస్టారు ఒకాయన తోటలో నల్లబోర్డు వేయించుకుని, కిటికీల్లోంచి చూస్తున్న ఆడపిల్లలకి గొంతు చించుకుని పాఠం చెప్పేవారు. తోటమాలి నీళ్ళు పట్టడం ఆపి ఆయన పాఠం వినేవాడు. వార్డెన్ మేడమ్ సాయంత్రాలు తోటలో దూరం దూరంగా కుర్చీలు వేయించి, పిల్లల్తో అంత్యాక్షరి ఆడించారు. ఆవిడకి అన్ని పాత పాటలు వచ్చని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆ గొంతుకి పాటే సరైన పని అని నాకనిపించింది. ఇక వంటాయన. రోజూ ఏదో ఒక పచ్చడి చేసి పంపి, కిటికీ కింద నిలబడి అడిగేవాడు:

"అమ్మాయ్, ఘాటు తెలుస్తోందా?"

"తెలియట్లేదండీ!"

"రేపు చూద్దాం తల్లీ." ఎవరైనా కళ్ళనీళ్ళు పెట్టుకుని "బాబోయ్, మంటండీ!" అంటే ఆయన మొహం వెలిగిపోయేది. మాకూ అది మందు పనిచేస్తోందన్నంత ధైర్యంగా ఉండేది.

ఆసుపత్రిలో ఉన్న పిల్ల సంగతి మాత్రం కొన్నాళ్ళు తేలలేదు. నేను వెళ్ళేసరికి వాళ్ళమ్మ వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉంది. కబురు తెలియగానే మిరప చేలోంచి అలాగే బస్సెక్కి వచ్చేసింది. ఆమె చీర కొంగు దులిపితే ఆ ఘాటుకి వార్డు గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఫెళ్ళున తుమ్మాడు. ఆ తుమ్ముకి చుట్టూ ఉన్న జనమంతా చెల్లాచెదురైపోయారు. అంత బాధలోనూ ఆమె, నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం.

ఆ నవ్వు అలాగే ఏడుపులోకి దిగింది. "నాకూ చెప్పలేదు సిస్టరమ్మా. రోజూ ఫోన్లో బాగున్నానే అంటది. గొంతేంటే అట్టుందంటే ల్యాబులో పొగ అంది."

"మీరు కంగారు పడతారని అయ్యుంటుందమ్మా."

"అది కాదు. బస్సెక్కించేటప్పుడు నేనే అన్నా. పరీక్ష రాశాకే రా, మధ్యలో తిరిగొస్తే మీ నాన్న ఇంక పంపడు అని. అది దాని మనసులో పడిపోయింది." కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "బాగుపడనీ. ఎప్పుడొచ్చినా రమ్మంటా."

గాజు తలుపు వెనకాల ఆ పిల్ల పడుకుని ఉంది. ముక్కుకి గొట్టం. మమ్మల్ని చూసి చెయ్యి ఊపబోయి, సగంలో దించేసింది. వాళ్ళమ్మ అద్దం మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. నేను ఆ పక్కన నిలబడి ప్రార్థన చేసుకున్నాను. ఆమె ఎవరిని తలుచుకుందో నాకు తెలియదు. ఇద్దరం అడిగింది ఒకటే.

దేవుడి దయతో ఆ పిల్ల తేరుకుంది. ఆక్సిజన్ తీసేశారని ఫోన్ వచ్చిన రోజు వార్డెన్ మేడమ్ గెస్ట్ హౌస్ వరండాలో నిలబడి ఆ సంగతి చెప్పారు. ఆవిడ గొంతు ఆ ఒక్కసారే వణకడం విన్నాను. కిటికీలన్నింటిలోంచి ఈలలు. ఆడపిల్లలు అంత గట్టిగా ఈల వేయగలరని నాకు తెలియదు.

వీసీగారు మాట నిలబెట్టుకున్నారు. గెస్ట్ హౌస్ పిల్లలకి విడిగా ప్రాక్టికల్స్ పెట్టించారు. ఆ పిల్ల కూడా వచ్చింది. నీరసంగా ఉంటే కుర్చీలో కూర్చుని చేయనిచ్చారు. నేను ల్యాబు బయట ఆక్సీమీటరుతో తచ్చాడుతుంటే మాస్టారు కసురుకున్నారు. "సిస్టర్, మీరలా కిటికీలోంచి తొంగి చూస్తే పిల్ల చెయ్యి వణుకుతుంది. వెళ్ళి టీ తాగండి." వెళ్ళి టీ తాగాను. ఆ పిల్ల బయటికి వచ్చి "బాగా చేశాను సిస్టర్," అంది. అంతే.

కథ ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. కానీ పిల్లల పరీక్షలు ముగిసీ ముగియగానే రెండో విడత విరుచుకుపడింది. క్యాంపస్ మళ్ళీ మూతపడింది. ఇంత ఆశగా తెరిచిన తలుపులు ఇంత తొందరగా మూయాల్సి వచ్చిందే అని వార్డెన్ మేడమ్ కుంగిపోయారు. ఆ వేసవిలోనే నేను రిటైరయ్యాను. సన్మానం లేదు, దండలు లేవు. మనుషులే లేరు. హెల్త్ సెంటర్ తాళం వేసి, తాళంచెవులు సెక్యూరిటీ అతని చేతిలో పెట్టి ఇంటికి వచ్చేశాను. దారంతా, ఆ పిల్లల్ని పిలిచి మంచి చేశామా అని ఆలోచిస్తూ వచ్చాను.

జవాబు ఫోన్లో వచ్చింది.

ముందుగా ఫోన్ చేసింది ఆ పొడుగమ్మాయి. "సిస్టర్, మా నాన్నకి నిన్నటినుంచి జ్వరం. దాచుకుని కూర్చోకుండా ముందే చెప్తున్నాను. ఏం చెయ్యమంటారు?" తర్వాత ఇంకొకరు. తర్వాత రోజూ. వినుకొండ వైపు నుంచి, చీరాల వైపు నుంచి, పేరు కూడా వినని పల్లెల నుంచి మా హాస్టల్ పిల్లల ఫోన్లు. తమ ఇళ్ళ గురించే కాదు, పక్కింటివాళ్ళ గురించి కూడా. జ్వరమొచ్చిన మనిషిని ఎవరూ వెలివేయకుండా వీళ్ళే ఇంటింటికీ తిరిగి చెప్తున్నారు. కిటికీ పక్కన మంచం, వేరే పళ్ళెం, వేరే గ్లాసు, అన్నీ వాళ్ళకి వచ్చు. నేను విని డాక్టరుగారికి ఫోన్ చేసేదాన్ని.

"సిస్టర్, మీరు రిటైరయ్యారుగా!"

"మీరెప్పుడో రిటైరయ్యారుగా సార్!"

"సరే, చెప్పండి. వయసెంత, ఎన్నో రోజు?"

అందర్నీ కాపాడలేకపోయాం. ఆ పొడుగమ్మాయి నాన్న దక్కలేదు. ఆ సంగతి చెప్పడానికి కూడా ఆ పిల్ల నాకే ఫోన్ చేసింది. కానీ వేళకి చెప్పి, వేళకి ఆసుపత్రికి చేరి బతికి బట్టకట్టినవాళ్ళు చాలామంది. అందుకు నేను రోజూ కృతజ్ఞతలు చెప్పుకుంటాను. దేవుడికి, ఆ పిల్లలకి, పొరపాటు తెలిసిన క్షణమే పదిమందిలో ఒప్పుకున్న వార్డెన్ మేడమ్‌కి కూడా. ఆవిడ ఒక్క రోజు ఆలస్యం చేసి ఉంటే ఆ చేతులు లేచేవి కావు.

ఒక మధ్యాహ్నం కెమిస్ట్రీ పిల్ల నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే వాళ్ళమ్మ.

"సిస్టరమ్మా, మా బావగారికి మూడు రోజుల్నించి దగ్గు. ఆసుపత్రికి పదా అంటే, నాకేం రోగం లేదు, దుమ్ము పడిందంటాడు. మా అమ్మాయి చెప్పినా వినట్లా. ఊరంతటికీ పెద్దమనిషి, ఎవరన్నా లెక్కలేదు. మీరొక్కసారి గట్టిగా అరవండి."

"ఆయన నాకెవరో తెలియదు కదమ్మా!"

"తెలియకపోతే ఏం? ఇదిగో, ఫోను చెవి కాడ పెడుతున్నా."

అటునుంచి దగ్గు వినిపించింది. తర్వాత ఒక మొండి గొంతు, "ఎవరండీ?" అంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా ఆయన పేపరు దించి చూస్తున్నారు. సర్వీసంతా సాధన చేసిన గొంతుతో, క్రికెట్ కుర్రాళ్ళని కసిరినట్టు కసిరాను.

"నేను సిస్టర్ని మాట్లాడుతున్నాను. చొక్కా వేసుకుని బయల్దేరండి!"

అటు ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత, కాస్త దూరం నుంచి, అదే గొంతు: "ఏమే, నా చొక్కా ఎక్కడ పెట్టావ్?"